పెంగ్విన్లకు మత్తి చేపలు తినిపించి వచ్చాను

మన సంఘం సంక్రాంతి కలయికలో పొంగలి వడ్డన దగ్గర నిలబడి ఉండగా ఒకరి తరువాత ఒకరు వచ్చి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఏమండీ టీచరుగారూ, కూతురింటికని వెళ్ళి అక్కడ పక్షుల రెట్టలు కడిగి వచ్చారటగా?"

నిజమే, కడిగాను. అందుకు నాకు ఎవరూ జీతం ఇవ్వలేదు, నేనే ఎదురు రుసుము కట్టాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా వీధిలో కొందరు నన్ను కాస్త జాలిగా చూస్తున్నారు. సంపాదకులు మాత్రం జాలిపడకుండా, "అయితే మన పత్రికకు రాసివ్వండి, పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు పనికొస్తుంది" అన్నారు. అందుకే రాస్తున్నాను.

గాంధీపురంలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నదాన్ని. మా అమ్మాయి, అల్లుడు దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ నగరంలో ఉద్యోగాలు చేస్తున్నారు. 2023 అక్టోబరులో మూడు నెలలకని బయలుదేరాను. వాళ్ళిద్దరూ పొద్దున్నే వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో నేనూ గోడలూనూ. అది ముందే తెలిసి మా అమ్మాయి, "అమ్మా, ఊరికే కూర్చుంటే నీకు తోచదు. ఇక్కడ దగ్గరలో పెంగ్విన్ల ఆసుపత్రి ఉంది, వలంటీర్లను తీసుకుంటారు" అని ఉత్తరప్రత్యుత్తరాలు మొదలుపెట్టింది. వీసా దరఖాస్తులోనే స్వచ్ఛంద సేవ సంగతి రాశాం. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే చుట్టపుచూపుగా వెళ్ళి అక్కడ అనుమతి లేకుండా ఏ పనీ, ఉచితంగానైనా సరే, పెట్టుకోకూడదు.

ఆ సంస్థ పేరు శాన్‌కాబ్. దక్షిణాఫ్రికా తీరపక్షుల సంరక్షణ కోసం 1968లో ఆల్థియా వెస్ట్‌ఫాల్ అనే గృహిణి మొదలుపెట్టింది. ఆ సంవత్సరం ఒక చమురు ఓడకు గండిపడి సముద్రమంతా నూనె తేలితే, ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెంగ్విన్లను ఆవిడ తన ఇంటికి తెచ్చి కడిగిందట. ఇప్పుడది టేబుల్ వ్యూ అనే పేటలో రీట్‌వ్లై చిత్తడినేల పక్కన పెద్ద ఆసుపత్రి. అక్కడి నుంచి చూస్తే సముద్రపు అఖాతానికి ఆవలి ఒడ్డున కత్తితో కోసినట్టు బల్లపరుపుగా టేబుల్ పర్వతం కనిపిస్తుంది.

పెంగ్విన్ అనగానే మనకు మంచు గుర్తుకొస్తుంది. ఈ ఆఫ్రికా పెంగ్విన్లకు మంచు అంటే ఏమిటో తెలియదు. ఇవి దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లో మాత్రమే ఉంటాయి. రెండడుగుల ఎత్తు, రెండు మూడు కిలోల బరువు, కళ్ళపైన గులాబీ రంగు చర్మపు మచ్చ. ఒంట్లో వేడెక్కితే ఆ మచ్చలోకి రక్తం ఎక్కువగా పారి వేడిని బయటికి పంపుతుంది. చూడటానికి కోటు తొడిగిన గుమాస్తాల్లా ఉంటాయి కాని అరుపు మాత్రం అచ్చం గాడిద ఓండ్రే. ఒక ఆవరణలో అరవై పక్షులు ఒక్కసారి అందుకుంటే మన టౌను బస్టాండులో సాయంత్రం ఆరు గంటల హారన్లు నయమనిపిస్తుంది.

ఇంత గొంతు ఉన్న పక్షి ఇప్పుడు అంతరించిపోయే దశలో ఉంది. 20వ శతాబ్దం తొలినాళ్ళలో డాసెన్ అనే ఒక్క దీవిలోనే పది లక్షలకు పైగా ఉండేవని అంచనా. ఇప్పుడు మొత్తం ప్రపంచంలో పిల్లలు పెట్టే జతలు పదివేలు కూడా లేవు. 2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వీటిని 'అత్యంత ప్రమాదంలో ఉన్న' జాబితాలోకి చేర్చింది. పెంగ్విన్ జాతుల్లో ఆ జాబితాకెక్కిన మొదటిది ఇదే. ఈ తరుగుదల ఇలాగే సాగితే 2035 నాటికి అడవి పక్షిగా దీని కథ దాదాపు ముగిసినట్టేనని అక్కడి శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. లెక్కల టీచర్ని కదా, ఆ లెక్క చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఏటా ఎనిమిది శాతం చొప్పున తగ్గేది ఎన్నేళ్ళకు సగమవుతుందో మన తొమ్మిదో తరగతి పిల్లవాడు చెప్పగలడు. తొమ్మిదేళ్ళు కూడా పట్టదు.

ఎందుకిలా అయింది? మొదటి దెబ్బ రెట్టతోనే మొదలైంది. వేల ఏళ్ళుగా ఆ దీవుల మీద పేరుకుపోయిన రెట్ట పొరలో గుంతలు తవ్వుకుని పెంగ్విన్లు గుడ్లు పెట్టేవి. 1840ల నుంచి ఓడలు బారులు తీరి ఆ పొరను పారలతో గీకి యూరపు పొలాలకు ఎరువుగా తీసుకుపోయాయి. గూళ్ళు పోయాయి. పక్షులు ఎండలో బండల మీద గుడ్లు పెట్టుకోవలసి వచ్చింది. ఎండ భరించలేక తల్లి నీళ్ళలోకి వెళితే సముద్రకాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి.

ఈ సంగతి వింటున్నప్పుడు నాకు వేడంతాంగల్ గుర్తుకొచ్చింది. చెంగల్పట్టు దగ్గర ఆ ఊరివాళ్ళకు కూడా పక్షి రెట్ట ఎరువే. కాని వాళ్ళు గూడు జోలికి పోలేదు. కొంగలు చెరువులో చెట్ల మీద ఉంటాయి, రెట్ట నీళ్ళలో పడుతుంది, ఆ నీళ్ళు పొలానికి పారుతాయి. పక్షులను ఎవరూ కాల్చకుండా 1798లోనే అప్పటి కలెక్టరు చేత కౌలు రాయించుకున్న ఊరది. ఒకే రెట్ట, రెండు రకాల తెలివి. మన నేలపట్టు పక్కన వేదురుపట్టు గ్రామంలో కూడా ఇళ్ళ మధ్య చెట్ల మీద కొంగలు గూళ్ళు కట్టుకుంటే జనం ఓర్చుకుంటారు. ఆ వాసన ఓర్చుకోవడం ఎంత గొప్ప సేవో నాకు కేప్ టౌన్‌లోనే అర్థమైంది.

రెట్ట తరువాత గుడ్లు. ఏటా లక్షల గుడ్లు ఏరి నగరంలో అమ్మేవారు. 1960ల చివరిలో గాని అది ఆగలేదు. ఆ తరువాత చమురు. ఇప్పుడు అన్నిటికంటే పెద్దది ఆకలి. పెంగ్విన్లు ముఖ్యంగా తినేది రెండు చేపలు: సార్డిన్, యాంకొవీ. అంటే మన మత్తి, నెత్తిలి. ఆంధ్ర తీరంవాళ్ళు కవళ్ళు, నెత్తళ్ళు అంటారు. సముద్రపు తీరు మారి ఆ చేపల గుంపులు దూరంగా జరిగాయి, మిగిలినవాటిని పెద్ద వలల పడవలు తోడేస్తున్నాయి.

ఇక నా పని సంగతి. మాది కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు. ఉక్కడం చేపల మార్కెట్టు వైపు బస్సు వెళితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. అలాంటి నాకు మొదటి రోజు ఉదయం చేతికిచ్చింది గడ్డకట్టిన మత్తి చేపల పెట్టె. మంచు కరిగించి, ఒక్కొక్కటీ చూసి, పొట్ట పగిలినవి, తల ఊడినవి పక్కన పెట్టి, మంచివాటిని బకెట్లలోకి లెక్కపెట్టాలి. పక్కనే ఉన్న అమ్మాయి నా ముఖం చూసి, కావాలంటే తువ్వాళ్ళు ఉతికే గదికి మార్పిస్తానంది. వద్దన్నాను. మూడో రోజుకు ముక్కు ఊరుకుంది.

గంబూట్లు, రబ్బరు ప్యాంటు, రబ్బరు కోటు, మోచేతి దాకా తొడుగులు. ఆవరణలోకి అడుగు పెట్టేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ మందునీళ్ళలో బూట్లు ముంచాలి, పక్షుల జ్వరం భయం ఉంది మరి. తినిపించే పద్ధతి చెబుతాను. తక్కువ ఎత్తు పెట్టె మీద కూర్చుని పక్షిని రెండు మోకాళ్ళ మధ్య పట్టుకోవాలి. ఎడమ చేత్తో తల వెనక నుంచి పట్టు. కుడి చేత్తో చేపను తల వైపు నుంచి ముక్కులోకి జార్చాలి. తోక వైపు నుంచి పెడితే పొలుసులు, రెక్కలు గొంతుకు అడ్డం పడతాయి. పట్టు కాస్త వదులైతే ఆ ముక్కు అంచు బ్లేడులా కోస్తుంది. నా కుడి మణికట్టు మీద రెండు గీతలు ఇంకా ఉన్నాయి, అడిగినవారికి చూపిస్తున్నాను.

ఒక్కో పక్షికి ఒక సంఖ్య, ఒక చీటీ. ఎన్ని చేపలు తిన్నది, కక్కిందా, బరువెంత, ఎంతసేపు ఈదింది అన్నీ రాయాలి. రోజుకు రెండుసార్లు తిండి, మధ్యలో ఈత. చాప కడగడం, కొలను కడగడం, తువ్వాళ్ళు ఉతకడం, మళ్ళీ చాప కడగడం. ఎనిమిది గంటల్లో పక్షితో గడిపేది రెండు గంటలుంటే ఎక్కువ. మిగిలిన ఆరు గంటలూ నీళ్ళ గొట్టంతోనే. సినిమాల్లో చూపించే అడవి సేవ ఇలా ఉండదు. ఫొటో కూడా ఇష్టం వచ్చినట్టు తీయనివ్వరు.

పిల్లల గదిలో నియమం మరీ కఠినం. మాట్లాడకూడదు. నిమరకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. నూగు బొచ్చుతో పిడికిట్లో పట్టేంత పిల్ల నోరు తెరిచి మన వైపు చూస్తుంటే, పిల్లల్ని పెంచిన చెయ్యి ఊరుకుంటుందా? ఊరుకోవాలి. మనిషికి మాలిమి అయిన పక్షి సముద్రంలో బతకదు. అక్కడి పర్యవేక్షకురాలు మొదటి రోజే చెప్పిన మాట, "వీటికి మీరంటే ఇష్టం ఉండకూడదు. మిమ్మల్ని చూసి పారిపోవాలి. అప్పుడే మనం పని సరిగా చేసినట్టు."

నేనున్న అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పిల్లలు ఎక్కువగా వచ్చే కాలం. కారణం వింటే మనసు అదోలా అవుతుంది. పెంగ్విన్ ఏడాదికోసారి ఈకలన్నీ ఒక్కసారే రాల్చుకుంటుంది. కొత్త ఈకలు వచ్చేదాకా, సుమారు మూడు వారాలు, నీళ్ళలో దిగలేదు. దిగితే చలికి చచ్చిపోతుంది. అంచేత ముందుగానే బాగా తిని ఒళ్ళు చేసి, ఆ మూడు వారాలూ ఒడ్డున ఉపవాసం ఉంటుంది. ఈలోగా ఆలస్యంగా పుట్టిన పిల్ల ఇంకా గూట్లో ఉంటే? తల్లీ తండ్రీ పక్కనే ఉంటారు, తిండి మాత్రం తేలేరు. అలా వదిలేసిన పిల్లలను దీవుల కాపలాదారులు తూచి చూసి, బక్కచిక్కినవాటిని డబ్బాల్లో పంపుతారు. వాటిని పెంచి సముద్రంలో వదిలే పథకం 2006 నుంచి నడుస్తోంది. ఆసుపత్రి నుంచి వెళ్ళిన పిల్లలు సముద్రంలో మామూలు పిల్లల్లాగే బతికి, పెద్దవై గూళ్ళు కట్టుకుంటున్నాయని పరిశీలించి రాశారు.

నా వంతుకు వచ్చిన ఆవరణలో ఒక దశలో పదకొండు పిల్లలుండేవి. రెండు పోయాయి. ఒకటి రాత్రికి రాత్రే, కారణం తెలియలేదు. రెండోది నేను పట్టుకుని ఉండగానే. నాలుగు రోజులుగా చేప మింగడం లేదు, గొట్టంతో జావ పోస్తున్నాం. ఆ ఉదయం తల నా మోకాలి మీద వాల్చింది. డాక్టరమ్మను పిలిచాను, ఆవిడ వచ్చేసరికే అయిపోయింది. చీటీ మీద సమయం రాయమన్నారు, రాశాను. తరువాతి పక్షి తిండికి ఎదురుచూస్తోంది.

ఒక రోజు నా పక్క పెట్టె మీద కూర్చున్న ఆవిడ చొక్కా మీద పేరు చూశాను, నైడూ అని ఉంది. నాయుడు అన్నమాట. వాళ్ళ ముత్తాతలు మద్రాసు ఓడలో డర్బన్ చెరుకు తోటలకు వెళ్ళినవాళ్ళు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మొదటి జట్టును దింపింది. డర్బన్ తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారని ఆవిడే చెప్పింది. భాష మాత్రం ఆవిడకు నాలుగు మాటలకు మించి రాదు. నేను తెలుగులో గొణుక్కుంటూ చేపలు లెక్కపెడుతుంటే, "మా అవ్వ ఇలాగే ఒకటి, రెండు అనేది" అని నవ్వింది. ఆ రోజు మేమిద్దరం నలభై పక్షుల లెక్కా తెలుగులోనే చేశాం.

ఫోనులో మా అత్తగారు అడిగిన ప్రశ్న మరొకటి. "చేపలను చంపి పక్షికి పెట్టడం ఏం పుణ్యమే? ఒక ప్రాణం కోసం పది ప్రాణాలా?" తొంభై ఏళ్ళ మనిషి, ఊరికే అడగలేదు. నాకు తోచిన జవాబు చెప్పాను. ఆ పక్షి తిండి మనం లాక్కున్నాం, అందులో కొంత తిరిగి ఇస్తున్నాం, అంతే. ఆవిడ "సరే, ఇంటికి రాగానే తలస్నానం చేసి వంటింట్లోకి రా" అంది. ఒప్పందం కుదిరింది.

అక్కడ పాత వలంటీర్లు ఇప్పటికీ చెప్పుకునేది 2000 సంవత్సరపు కథ. జూన్ 23న ట్రెజర్ అనే ఖనిజాల ఓడ డాసెన్, రాబెన్ దీవుల మధ్య మునిగింది. సుమారు 1,300 టన్నుల ఇంధనం సముద్రంలో కలిసింది. సరిగ్గా పెంగ్విన్లు గూళ్ళు కట్టే కాలం. 19,000 పక్షులు నూనెలో తడిసాయి. నూనె పట్టిన ఈక నీటిని ఆపలేదు, పక్షి చలికి బిగుసుకుపోతుంది. పాత రైల్వే గిడ్డంగి ఒకటి తీసుకుని వాటినందులో పెట్టారు. పన్నెండు వేలకు పైగా వలంటీర్లు, విద్యార్థులు, ఖైదీలను చూసుకునేవాళ్ళు, ఇళ్ళలో ఆడవాళ్ళు, విదేశాల నుంచి వచ్చిన జూ ఉద్యోగులు, ఒక్కొక్క పక్షినీ గిన్నెలు తోమే సబ్బుతో, కళ్ళ చుట్టూ పళ్ళు తోమే బ్రష్షుతో కడిగారు. 1994లో అపోలో సీ అనే ఓడ మునిగినప్పుడు తడిసిన పదివేల పక్షుల్లో సగానికి మించి బతకలేదు. ఈసారి తొంభై శాతానికి పైగా బతికాయి.

నూనె అంటని పక్షుల సంగతి ఇంకా విచిత్రం. అవి దీవుల్లో ఉంటే నీళ్ళలో దిగి తడుస్తాయి. అందుకని 19,500 పక్షులను పట్టి లారీల్లో తూర్పున పోర్ట్ ఎలిజబెత్ దాకా తీసుకెళ్ళి అక్కడ సముద్రంలో వదిలారు. ఇల్లు చేరాలంటే 800 కిలోమీటర్లకు పైగా ఈదాలి. అవి ఈదుకుంటూ వచ్చేలోగా ఇక్కడ నూనె తుడిచేయవచ్చు, అదీ ఎత్తు. పీటర్, పెర్సీ, పమేలా అని మూడింటికి ఉపగ్రహ సంకేత యంత్రాలు కట్టారు. అవి రోజుకెంత దూరం వచ్చాయో దేశమంతా క్రికెట్ స్కోరులా చూసిందట. రెండు మూడు వారాల్లో ఇల్లు చేరాయి.

అసలు నేనిది రాయడానికి ముఖ్య కారణం మా చిన్నాన్నగారి మనవడు, నాకు మేనల్లుడు. మనూళ్ళోనే జంతుశాస్త్రం చదువుతున్నాడు. నేను కేప్ టౌన్‌లో ఉండగా ఫోను చేసి, "అత్తా, నేనూ వస్తున్నా. నెల రోజులు సింహం పిల్లలకు పాలు పట్టే వలంటీరు పని. తల్లి లేని పిల్లలట. రెండున్నర లక్షలు" అన్నాడు. వాళ్ళ నాన్న నగలు కుదువ పెట్టడానికి సిద్ధమయ్యాడు. పేర్లు రాయను. బొమ్మలు పంపాడు, పసుపుపచ్చటి పిల్లను ఒళ్ళో పెట్టుకున్న తెల్ల అమ్మాయిలు.

మా పర్యవేక్షకురాలికి చూపించాను. ఆవిడ నిట్టూర్చి నన్ను మూడు ప్రశ్నలు అడగమంది. ఆ పిల్లల తల్లులు ఏమయ్యాయి? పెద్దయ్యాక ఈ పిల్లలు ఎక్కడికి పోతాయి? ఇప్పటిదాకా ఎన్నింటిని అడవిలో వదిలారు?

దక్షిణాఫ్రికాలో కంచెల మధ్య పెంచే సింహాలు ఎనిమిది వేలకు పైగా ఉన్నాయని అంచనా. పుట్టిన కొద్ది రోజులకే పిల్లను తల్లి నుంచి తీసేస్తారు. తల్లి త్వరగా మళ్ళీ చూలు కడుతుంది. పిల్ల చిన్నగా ఉన్నన్నాళ్ళు డబ్బు కట్టి వచ్చిన వలంటీర్లు పాలు పడతారు, పర్యాటకులు ఫొటోలు దిగుతారు. కాస్త పెద్దదైతే దాని పక్కన నడవడానికి ఇంకో రుసుము. మనిషంటే భయం పోయిన ఆ సింహాన్ని అడవిలో వదలలేరు. చాలావాటిని చివరికి కంచె వేసిన ఆవరణలో డబ్బున్న వేటగాడి తుపాకీ ముందు నిలబెడతారు, లేదా ఎముకలు అమ్ముతారు. 2015లో వచ్చిన 'బ్లడ్ లయన్స్' అనే డాక్యుమెంటరీ చిత్రం దీన్ని బయటపెట్టింది. 2021లో ఆ దేశ ప్రభుత్వమే ఈ వ్యాపారాన్ని ఆపాలన్న నిపుణుల సిఫారసును అంగీకరించింది. పాలు పట్టిన పిల్లలకు, పిల్లలంటే మనుషుల పిల్లలకు, ఇదేమీ తెలియదు. మంచి పని చేశామనే సంతోషంతో ఇంటికి వెళతారు.

మావాడు ఆ మూడు ప్రశ్నలూ రాసి పంపాడు. మొదటి రెండింటికి పొడుగాటి జవాబు వచ్చింది, మూడోదానికి రాలేదు. మళ్ళీ అడిగితే, సీట్లు నిండిపోతున్నాయి, వెంటనే డబ్బు కట్టమన్నారు. నగలు బీరువాలోనే ఉండిపోయాయి. వాడు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. వాడి బాధ నాకు తెలుసు. ఆ వయసులో సింహం పిల్లను ఎత్తుకోవాలని ఎవరికి ఉండదు? తరువాత వాడు వారాంతాల్లో గాంధీపురం నుంచి బస్సెక్కి సింగనల్లూరు చెరువు దగ్గర పక్షులు లెక్కపెట్టేవాళ్ళతో కలిశాడు. పొద్దున ఐదింటికే లేస్తున్నాడని వాళ్ళమ్మ సంతోషం. విదేశం వెళ్ళడం మానుకోలేదు, పెద్ద చదువుకు ప్రయత్నిస్తున్నాడు.

మన పిల్లలు ఇలాంటివాటికి వెళతామంటే ఖర్చు సంగతి చాలామంది అడుగుతున్నారు. నాకు కూతురింట్లో తిండీ పడకా ఉన్నాయి గనక విమానం టికెట్టు, వీసా, సంస్థకు కట్టే రుసుముతో సరిపోయింది. లేకపోతే వసతి ఖర్చే ఎక్కువ. నిజమైన చోట్ల వారం పది రోజులకు తీసుకోరు. పని నేర్పడానికే అంత పడుతుంది, ఆ తరువాత వాళ్ళకు మన వల్ల ఉపయోగం. శాకాహారులు చేపల సంగతి ముందే ఆలోచించుకోండి. పాత బట్టలు తీసుకెళ్ళండి, వెనక్కి తెచ్చుకోలేరు.

నేను వచ్చేసే ముందు వారం మా ఆవరణలోని తొమ్మిదింట్లో ఆరు పరీక్షల్లో నెగ్గాయి. రక్తం బాగుంది, బరువు సరిపోయింది, గంటసేపు ఈదినా ఈక లోపల తడవలేదు. గాలి కన్నాలున్న అట్టపెట్టెల్లో ఇద్దరిద్దరం మోసుకుని ఇసుకలో దించాం. పెట్టె పక్కకు వంచగానే బయటికి వచ్చి నిలబడ్డాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళ వైపు నడిచాయి. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు. పర్యవేక్షకురాలు నా వైపు చూసి బొటనవేలు ఎత్తింది.

2025 మార్చిలో మా అమ్మాయి వార్త పంపింది. పక్షుల సంస్థలు రెండు కోర్టుకు వెళ్ళాయి, వాటిలో శాన్‌కాబ్ ఒకటి. చివరికి చేపల పరిశ్రమతో రాజీ కుదిరి, ఆరు ముఖ్యమైన పెంగ్విన్ స్థావరాల చుట్టూ మత్తి, నెత్తిలి పట్టే పెద్ద వలల పడవలు పదేళ్ళపాటు రాకుండా కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. మేనల్లుడికి చదివి వినిపించాను. వాడు విని, "మరి ఆ పడవల్లో కూలికి వెళ్ళేవాళ్ళ సంగతేమిటి అత్తా?" అన్నాడు. గీతలు ఎక్కడ గీయాలో పరిశ్రమవాళ్ళూ పక్షులవాళ్ళూ కలిసి కూర్చునే తేల్చుకున్నారట, కాని కూలివాళ్ళను అడిగారో లేదో నేను కనుక్కోవాలి. మా అమ్మాయికి రాశాను, జవాబు ఇంకా రాలేదు.